రెండు పళ్ళ మీద ఒక బొట్టు

మీరు రోజూ ఎక్కి తిరిగే బండి ఇంజనులో ముందు మూత కింద ఏముందో మీకు తెలుసా? గొలుసా, పళ్ళచక్రాలా, రబ్బరు బెల్టా? తెలియదు కదా. మరి ఏటేటా దసరాకు ఆ ఇంజనును కడిగి బొట్టు పెడుతున్నది ఏమనుకుని?

ఎగతాళికి అడగడం లేదు. మా ఇంట్లో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా అక్క ఆ రోజు అనంతగిరి గుట్టను కారులో కూర్చునే ఎక్కేది.

మాది తాండూరు. నాయిన చిన్నప్పుడే పోతే అక్కనూ నన్నూ పెదనాయిన పెంచాడు. భూములున్న మనిషి, కందిపప్పు మిల్లున్న మనిషి, ఊరంతా పటేలా అని పిలిచే మనిషి. ఆయనకు పిల్లలు లేరు. అక్క అంటే ప్రాణం. నేనంటే కొంత తక్కువ, ఎందుకంటే నేను వాదిస్తాను. హైదరాబాదులో చదువుకుంటూ సంస్కరణవాదుల సభలకు పోయి, ఎదుటివాడిని ప్రశ్నలతో నిలబెట్టడం నేర్చుకున్నవాడిని. సెలవులకు ఇంటికి వస్తే ఆ ప్రశ్నలూ నాతోనే వచ్చేవి.

నిజాం పాలన పోయిన కొత్తలో ఒక జాగీర్దారు కుటుంబం ఊరు విడిచిపోతూ తమ నల్ల కారును పెదనాయినకు ఇచ్చిపోయింది. కారుతోపాటే దాని డ్రైవరూ మా ఇంటికి వచ్చాడు. గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పుట్టి, జాగీర్దారు కొట్టంలో గుర్రాలకు నీళ్ళు పెడుతూ స్టీరింగు పట్టడం నేర్చుకున్న మనిషి. కారు నడిచే తీరు అతనికి తెలుసు. ఎందుకు నడుస్తుందో తెలియదు. ఎందుకు నడుస్తుందో ఆ ఇంట్లో నాతో సహా ఎవరికీ తెలియదు.

పెదనాయినకు తెలిసిన యంత్రం ఒకటే, మా మిల్లు ఇంజను. దాని చక్రం మీది నుంచి మిల్లు చక్రానికి వెడల్పాటి తోలు బెల్టు పోతుంది. అందరికీ కనబడుతుంది. జారితే జిగురు పొడి చల్లుతారు, సాగితే కొంచెం కోసి మళ్ళీ కుడతారు. ఆ బెల్టును చక్రం మీద ఏ చోట ఎక్కించినా ఒకటే. అది మోసేది బలాన్ని మాత్రమే. యంత్రమంటే ఇంతే అనుకున్నాడు ఆయన. కారు ఇంజను ముందు భాగంలో పొద్దున్నే గొలుసులు ఆడించినట్టు చప్పుడు మొదలైనప్పుడు కూడా అట్లాగే అనుకున్నాడు.

"ఏందిరా గా చప్పుడు?"

"ఎరుక లేదు పటేలా. పొద్దుగాల లేవంగనే దగ్గుతది. జర వేడైతె సప్పుడు జేయది."

"మనిషి లెక్కనే ఉన్నదన్నట్టు."

అప్పుడు నవ్వారు. కొద్ది నెలలకు ఇంట్లో ఆ మాటకు నవ్వేవాళ్ళు లేకుండా పోయారు. యాలాల ఊరికి కోడలిగా ఇచ్చిన అక్కను అత్తవారు తిరిగి మా ఇంటికి పంపించారు. పొద్దున్నే దగ్గేది, జర వేడెక్కితే ఊరుకునేది. పొద్దు గూకితే మళ్ళీ జ్వరం.

డాక్టరు ఒకాయన చూసి పెదనాయినను పక్కకు తీసుకుపోయి చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు పనులు నడిచాయి. ఒకటి, వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో మంచం కోసం ప్రయత్నం. కొత్త సూదిమందు వచ్చిందనీ, దానితో లేచి ఇళ్ళకు పోతున్నవాళ్ళున్నారనీ డాక్టరే చెప్పాడు. రెండోది, దాచడం. క్షయ అని తెలిస్తే మా ఇంటి వైపు ఎవరూ చూడరు, పిల్లనివ్వరు, పిల్లను అడగరు, మిల్లుకు కందులు తేరు. అడిగినవాళ్ళందరికీ పెద్దమ్మ "పడిశం పట్టింది" అని చెప్పింది. అంతకాలం పడిశం ఏ లోకంలోనూ ఉండదు. అయినా అందరూ తలూపారు. ఊరికి తెలుసు. తెలుసని మాకూ తెలుసు.

ఇక కారు. తాండూరు స్టేషను వెనక ఒక మెకానిక్ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. మాటకారి, పాన్ ప్రియుడు, తన చేతిపని మీద కొండంత గర్వం. ఇంజను ముందు మూత విప్పాలంటే ముందు గోనెపట్టా కట్టి కారును మూసేవాడు. లోపల ఏం చేస్తున్నాడో ఎవరూ చూడకూడదు. ఎవరైనా తొంగిచూస్తే "పర్దాల ఉన్నది సాబ్, జర తమీజ్, మర్యాద ఉండాలె" అని తరిమేవాడు. మా కారు మూత విప్పి, చప్పుడు చేస్తున్న గొలుసును బయటికి తీసి, డ్రైవరు చేతికిచ్చి చూపించాడు. మధ్యలో పట్టుకుంటే చచ్చిన పాములాగా వేలాడింది.

"దీని ఉమర్ అయిపోయింది పటేలా. కొత్తది హైదరాబాదు నుంచి రావాలె. గప్పటిదాంక బండి కదలదు."

ఆ గొలుసు ఏం చేస్తుందో నేను తరువాత నేర్చుకున్నాను. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే జరిగినది అర్థం కాదు. ఇంజనులో కింద ఒక ఇరుసు ఉంటుంది, పిస్టన్లు దాన్ని తిప్పుతాయి. దానికి కొంచెం పైన ఇంకో ఇరుసు ఉంటుంది, అది వాల్వులనే చిన్న తలుపులను లేపుతుంది, దించుతుంది. పెట్రోలూ గాలీ లోపలికి రావలసినప్పుడు ఒక తలుపు, కాలిన పొగ పోవలసినప్పుడు ఇంకో తలుపు. కింది ఇరుసు రెండు చుట్లు తిరిగేసరికి పైది ఒక చుట్టు తిరగాలి. మొదలుపెట్టే చోటు కూడా తప్పకూడదు. ఆ రెండు ఇరుసుల చివర ఉన్న పళ్ళచక్రాలను కలిపేదే గొలుసు. మిల్లు బెల్టు బలాన్ని మోస్తే, ఈ గొలుసు సమయాన్ని మోస్తుంది. ఒక్క పన్ను తప్పినా తలుపు ముందు తెరుచుకుంటుంది, లేదా ఆలస్యంగా మూసుకుంటుంది. అందుకే ఇంజను చేసినవాళ్ళు రెండు చక్రాల మీదా ఒక్కొక్క గుర్తు కొడతారు. ఆ రెండూ ఎదురెదురుగా ఉండగా గొలుసు ఎక్కించాలి. ఇంతే రహస్యం. బడికి పోయే పిల్లకు కూడా చెప్పవచ్చు.

మా కారు ఇంజనులోని పళ్ళచక్రాల మీద ఆ గుర్తులు లేవు. ఎందుకు లేవో తరువాత తెలిసింది. వాటి స్థానంలో, గొలుసు తీయకముందే, ఉస్తాద్ తన పాన్‌డబ్బాలోంచి సున్నం వేలికి తీసుకుని, కింది చక్రం మీద ఒక చుక్క, పై చక్రం మీద ఒక చుక్క పెట్టాడు. గొలుసు వచ్చాక తనకు కనబడితే చాలని.

దసరా వచ్చింది. బండి ఇంట్లో లేకుండా ఆయుధపూజ ఎట్లా చేస్తారు? పెదనాయిన మనుషులను పెట్టి కారును తోయించుకుని ఇంటికి తెచ్చాడు, ముందు మూత లేకుండానే. ఆ పండుగకు నేను రాలేదు. వస్తే కొట్లాట అవుతుందని హైదరాబాదులోనే ఉండిపోయాను. జరిగింది డ్రైవరు చెబితే తెలిసింది, పెద్దమ్మ చెబితే తెలిసింది, ఇద్దరూ ఒకే తీరుగా చెప్పారు.

పెద్దమ్మ ఏ పని చేసినా శుభ్రంగా చేస్తుంది. కొడవలి, నాగలి, తక్కెడ, కుట్టుమిషను, అన్నీ కడిగి కారు దగ్గరికి వచ్చింది. లోపలి చక్రాలు జిడ్డుగా, నల్లగా కనబడ్డాయి. నూనె చక్రాలకు బొట్టెట్లా పెడతారు? చింతపండు, బూడిద పట్టించి రుద్దింది. అన్ని పళ్ళూ తోమడానికి వీలుగా డ్రైవరును హ్యాండిల్ వేసి తిప్పమంది, అతను తిప్పాడు. పై చక్రాన్ని తనే చేత్తో తిప్పుకుంది. పళ్ళు వెండి గిన్నెల్లా మెరిశాయట. సున్నం చుక్కలు కూడా పోయాయి. వాటిని ఆమె చూసింది. కిందటేడు ఎవరో పెట్టిన సున్నపు బొట్లు అనుకుంది. మా వైపు ఇళ్ళలో గడపకైనా, రోలుకైనా పాత బొట్టు కడిగితే కొత్త బొట్టు అదే చోట పెడతారు. చోటు మార్చడం మంచిది కాదంటారు. ఆమె కూడా గుర్తున్నంత మటుకు అవే చోట్ల, పసుపు పూసి కుంకుమ పెట్టింది. బొటనవేలితో నిండుగా పెట్టింది.

నేను ఇంటికి వచ్చేసరికి హైదరాబాదు నుంచి గొలుసు వచ్చి ఉంది. ఉస్తాద్ లేడు. బంధువుల ఇంట్లో పెళ్ళికి గుల్బర్గా వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో ఇంట్లోవాళ్ళకూ తెలియదు. అదే సమయంలో ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు: మంచం ఖాళీ అయింది, వెంటనే తేకపోతే ఇంకొకరికి పోతుంది.

"రైలుకు పోదాం," అన్నాను. "తాండూరుల ఎక్కితే వికారాబాదుల దిగుతం. అక్కడి నుంచి బండి చూసుకోవచ్చు."

పెదనాయిన నా వైపు చూడకుండానే అన్నాడు: "రైల్ల ఊరంత ఉంటది. దగ్గితె రైలుడబ్బంత తిరిగి జూస్తది. నా బిడ్డను గట్ల తోల్కపోను."

అక్క అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. "తమ్మీ, నువ్వు రైల్ల ఉపన్యాసం మొదలువెట్టు. అందరు దిగిపోతరు. నేను పండుకొని పోత," అంది. అని దగ్గింది. చాలాసేపు దగ్గింది.

గొలుసు ఎవరు ఎక్కించాలి? పెదనాయిన లెక్కలో అది పెద్ద పని కాదు. "మిల్లు బెల్టు రోజు ఎక్కిస్తలేమా? ఎక్కియ్యిరా."

డ్రైవరు తల గోక్కున్నాడు. ఇక్కడ అతని గురించి ఒక మాట చెప్పాలి. అతను తెలివి తక్కువవాడు కాదు. గోనెపట్టా సందులోంచి ఒకసారి తొంగిచూసి, రెండు చుక్కలు ఎదురెదురుగా ఉండడం గుర్తుపెట్టుకున్నవాడు. "గట్ల ఎక్కడవడితె గక్కడ కాదు పటేలా. ఉస్తాద్ రెండు చుక్కలు వెట్టిండు. మొకాన మొకం ఉండాలె."

"చుక్కలేవీ?" అని నేను అడిగాను.

"గవే గద," అని కుంకుమ చూపించాడు. "పటేలమ్మ వాటి మీదనే వెట్టింది."

పెద్దమ్మను పిలిచి అడిగితే, అవును, పాత బొట్లు ఉన్నచోటే పెట్టానంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ కుంకుమ బొట్టును ఇవాళ కళ్ళు మూసుకున్నా చూడగలను: అది ఒక పన్ను మీద లేదు. రెండు పళ్ళను కప్పి, మధ్య సందులో కూడా నిండి ఉంది. అందులో ఏ పన్ను? కడిగిన తరువాత, చక్రం తిప్పిన తరువాత, జ్ఞాపకం మీద పెట్టిన బొట్టు అసలు ఆ రెండింటిలోనైనా ఉందా? భక్తికి బొటనవేలంత చోటు చాలు. యంత్రానికి అంత చోటు ఇస్తే చెడిపోతుంది.

డ్రైవరు బొట్టుకు బొట్టు ఎదురుగా పెట్టి గొలుసు ఎక్కించాడు. మూత బిగించాడు. హ్యాండిల్ తిప్పితే ఇంజను తుమ్మింది, ఎదురు తన్నింది, ఆగిపోయింది. స్పార్కు ఇచ్చే డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక చోట ఇంజను అందుకుంది. కొంచెం వణుకుతూ నడిచింది.

"చాలు," అన్నాడు పెదనాయిన. "అమ్మవారి దయ."

దయ కాదు, ఆ ఇంజను రకం అట్లాంటిది. ఇంజన్లన్నీ ఒక రకం కావని నాకు తరువాత తెలిసింది. డీజిల్ లారీలకు స్పార్కే ఉండదు, చాలావాటికి గొలుసు కూడా ఉండదు. పళ్ళచక్రాలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని తిరుగుతాయి. కొన్ని పెట్రోలు కార్లలో వాల్వులు సిలిండరు తల మీద ఉంటాయి. వాటిలో చాలావాటికి గొలుసు ఎక్కువ తప్పితే పిస్టను వెళ్ళి వాల్వుకు కొట్టుకుంటుంది, ఇంజను అక్కడికక్కడే విరిగి కూర్చుంటుంది. మా కారు అంతకంటే పాత రకం. వాల్వులు సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి, పిస్టనుకు తగలవు. సమయం తప్పినా విరగదు. స్పార్కును తిప్పి సర్దితే నడుస్తుంది, నడుస్తున్నట్టు నమ్మిస్తుంది. అది వెంటనే విరిగే రకమై ఉంటే, మేము తిట్టుకుంటూ రైలెక్కేవాళ్ళం.

బయలుదేరడం పొద్దున్నే అయి ఉంటే ఎండైనా ఉండేది కాదు. రాహుకాలం అన్నారు. అది పోయాక ఇంకేదో అన్నారు. నేను గొంతు చించుకున్నాను. ఆలస్యమైతే మంచం పోతుంది, ఎండ పెరుగుతుంది, రాహువు ఏ స్టేషనులో ఎక్కుతాడో చూపించమన్నాను. "మంచిగ పోయి రావాలెనంటె గిట్ల మాట్లాడకు," అంది పెద్దమ్మ ఏడుస్తూ. మధ్యాహ్నం ఎండలో, కిటికీలకు గొంగళ్ళు కట్టి, అక్కను వెనక సీటులో పడుకోబెట్టి బయలుదేరాం. ఆ చీకట్లో, ఆ ఉక్కలో, గాలి కోసం గుటకలు వేసే మనిషిని ఊరి కళ్ళ నుంచి దాచుకుంటూ పోయాం.

చదునైన రోడ్డు మీద కారు నడిచింది. నెమ్మదిగా నడిచింది. ధారూరు దాటాక అక్క గొంగడి పక్కకు జరిపింది.

"ఏంది బిడ్డా, ఎవరన్న జూస్తరు."

"జూడనియ్యి పెదనాయినా. చెట్లే గద చూసేటివి. చెట్లు ఎవలికి జెప్తయి?" ఇంకాసేపటికి: "గీ కారు నా లెక్కనే ఉన్నది. పల్లంల మంచిగుంటది."

వికారాబాదు దాటి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. ఇంజను గొంతు మారింది. డ్రైవరు గేరు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. కారు నడిచే మనిషి కంటే నెమ్మదయింది. రేడియేటరు నుంచి ఆవిరి పొంగి అద్దం మీదికి కొట్టింది. మలుపు దగ్గర ఇంజను ఒకసారి గట్టిగా వణికి ఆగిపోయింది. వెనక్కి జారబోతే నేను దిగి చక్రం కింద రాయి పెట్టాను.

ఎన్నిసార్లు హ్యాండిల్ తిప్పినా అందుకోలేదు. నీళ్ళు పోశారు. పెదనాయిన వెంట తెచ్చుకున్న నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు. నాకు వాదించే సమయం లేదు. పైన ఆసుపత్రి చెట్ల మధ్య నుంచి కనబడుతోంది. అంత దగ్గర.

ఒక గొర్రెల కాపరి మందతో కిందికి దిగుతూ ఆగాడు. "ఏమాయె పటేలా? లోపల ఎవలన్న బీమారున్నరా? నా గొంగడిల జోలె గట్టి మోస్త. ఇద్దరం చాలు."

పెదనాయిన కిటికీకి కట్టిన గొంగడిని సరిచేశాడు. నాకు అర్థమైంది. ముట్టుకుంటాడనే బాధ ఆయనకు లేదు. చూస్తాడు, చెబుతాడు, అదీ భయం. కాపరితో అన్నాడు: "వద్దు. జర పడిశమే. బండి చల్లగైతె పోతం."

అక్క అప్పటికే తలుపు తెరిచింది. "జర దించుండ్రి. నేను నడుస్త."

"వద్దు బిడ్డా."

"గిదెప్పుడు చల్లగైతది పెదనాయినా? నేను చల్లగైనంకనా?"

నా భుజం పట్టుకుని నడిచింది. రెండో మలుపు దాకా నడిచింది. అక్కడ దగ్గు వచ్చింది. వంగి దగ్గింది. చీర కొంగు ఎర్రబడింది, తరువాత రోడ్డు మీది దుమ్ము ఎర్రబడింది. అంత రక్తం ఒక మనిషి గొంతులోంచి వస్తుందని నాకు తెలియదు. కాపరి అడగకుండానే పరిగెత్తుకొచ్చి గొంగడి పరిచాడు. అతనూ డ్రైవరూ మోశారు, నేను తల పట్టుకున్నాను. పెదనాయిన వెనక నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళందరూ చూశారు. పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఆసుపత్రిలో మంచం ఉంది. మా కోసమే ఉంచారు. అక్క ఆ మంచం మీద మరునాటి పొద్దు చూడలేదు.

గొలుసు తప్పడం వల్లే ఆమె పోయిందని నేను అనను. రోగం ఆమెను తింటూనే ఉంది. దాచడం వల్ల ఇంకా ముందే తిన్నది. అడిగితే అక్కడి డాక్టరు ఇంతే చెప్పాడు: "ఆ ఊపిరితిత్తులతో గుట్ట ఎక్కకూడదు. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళం." బతికేదని ఆయన అనలేదు. ప్రయత్నించేవాళ్ళం అన్నాడు. ఆ ప్రయత్నాన్నే మేము ఆమె దగ్గర్నుంచి లాక్కున్నాం.

ఇంట్లో తీర్పు వేరే. బయలుదేరిన గడియ మంచిది కాదు. నేను ప్రయాణం ముందు అపశకునం మాటలు మాట్లాడాను. కారుకు ఏదో సోకింది, మేకపోతును కొయ్యాలి. కారును గుట్ట మీది నుంచి ఎడ్లతో లాగించి తెచ్చి కొట్టంలో పెట్టారు. ఇక దానివైపు ఎవరూ పోలేదు.

ఉస్తాద్ గుల్బర్గా నుంచి వచ్చాడు. పరామర్శకు వచ్చి, కారు విషయం విని, మూత విప్పాడు. ఈసారి గోనెపట్టా కట్టనివ్వలేదు నేను. పక్కనే నిలబడ్డాను. పెదనాయిన కూడా వచ్చి నిలబడ్డాడు. లోపల నూనెలో నానిన కుంకుమ ముద్దగా అంటుకుని ఉంది. ఉస్తాద్ వాల్వులను చూసుకుంటూ చేత్తో చక్రం తిప్పి, కుంకుమ తుడిచి, పళ్ళను వేలితో తడిమాడు.

"రెండు పండ్లు తప్పింది," అన్నాడు మెల్లగా. "నా నిషాన్ కడిగేసిన్రు."

"సున్నం చుక్క నిషానా?" అన్నాను. "చేసినవాళ్ళు కొట్టిన గుర్తేది?"

అతను చేతులు తుడుచుకోసాగాడు. నేను చక్రం మీద దీపం పట్టి చూపించాను. ఒక చోట పన్ను కింద ఆకురాయితో రుద్దిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. పై చక్రం మీద కూడా.

"నువ్వే అరగదీసినవా?" అని పెదనాయిన అడిగాడు.

"అవ్ పటేలా. మొదటిసారి నా తాన వచ్చిన రోజే."

"ఎందుకు?"

"నిషాన్ కనబడితె ఎవడన్న ఇప్పుతడు, ఎవడన్న ఎక్కిస్తడు. ఇగ నా తానికి ఎవలొస్తరు? నాకు పని నేర్పిన మా ఉస్తాద్ గూడ గిట్లనే చేసెటోడు." తరువాత తల ఎత్తి నన్ను చూశాడు. "గట్ల జూడకుండ్రి చిన్న పటేలా. మీ ఇంట్ల పూజ చేసే అయ్యగారు మంత్రం ఏందో మీకు విప్పి చెప్తడా? చెప్తె ఆయన్ని ఎవలు పిలుస్తరు? గదీ గంతే."

సభల్లో అంతమందిని ప్రశ్నలతో నిలబెట్టినవాడిని, ఆ కొట్టంలో దీపం పట్టుకుని నిలబడ్డాను. అతను తప్పించుకోవడానికి అన్నమాట అది, కానీ నిజం. చెప్పకుండా దాచుకుని బతికేవాడు ఒకవైపు, అడగకుండా మొక్కి బతికేవాడు ఇంకోవైపు. ఆ ఇద్దరూ ఒకరినొకరు నిలబెట్టుకుంటారు. వాళ్ళ మధ్య రోడ్డు మీద రక్తం కక్కేది ఇంకెవరో.

ఉస్తాద్ గొలుసు సరిచేశాడు. ఆ వారమే డ్రైవరు అదే గుట్ట మీదికి కారు తోలి చూశాడు. ఆవిరి లేదు, వణుకు లేదు. నున్నగా ఎక్కిందట. ఆ మాట చెప్పడానికి వచ్చి, చెప్పలేక గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

పెదనాయిన నన్ను మిల్లుకు పిలిపించాడు. బెల్టు చప్పుడులో వినబడేలా దగ్గరికి వచ్చి, "మీ పెద్దమ్మకు చెప్పకు," అన్నాడు. "గడియ మంచిగ లేకుండె అనుకోనియ్యి. బొట్టు వెట్టింది తనే అని తెలిస్తె బతకది."

నాకు ఆయన మీద జాలి కలిగింది. అయినా ఒప్పుకోలేదు. దయతో చెప్పిన అబద్ధమైనా అది రాహుకాలం ఖాతాలోనే జమవుతుంది. ఆ ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకూ అక్క చావే సాక్ష్యంగా చూపిస్తారు. ఇంకొక బిడ్డను పట్టపగలు ఎండలో కూర్చోబెట్టి గడియ కోసం చూస్తారు.

పెద్దమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చున్నాను. ఆమె చేతిలోని పిండి తీసుకుని నేల మీద రెండు చక్రాలు గీశాను, చుట్టూ పళ్ళు పెట్టాను, కలుపుతూ గొలుసు గీశాను. రెండు చుక్కలు పెట్టాను. అంతా చెప్పాను. ఎక్కడా మెత్తగా చేసి చెప్పలేదు.

ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తరువాత నా మీదికి లేచింది.

"ముగ్గుల ఒక్క చుక్క పక్కకు వెడితె గీత కలుస్తదారా? నాకెరుక లేదా? రోజు వెట్టెదాన్ని నేను. గవి బొట్లు కావు, గుర్తులని ఒక్కలన్న చెప్పిన్రా? మీ పెదనాయిన చెప్పిండా? డ్రైవరు చెప్పిండా? గా మిస్త్రి ఇనుము మీద గీసి ఉంచితె నేను తోమితె పోవునా? పట్టా గట్టుకొని దాసిండు. మీరు నన్ను కడుగుమన్నరు, మొక్కుమన్నరు. ఇగ చెప్పుడు మాత్రం ఎవలు చెప్పలె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా బిడ్డను సంపినంక ముగ్గేసి చూపిస్తున్నవు. ముందుగాల చూపియ్యకపోతివి."

ముందు నాకూ తెలియదు పెద్దమ్మా అన్నాను. "మరి ఎందుకు తెలుసుకోలె? నోరైతె మస్తు పెద్దగుండె గద నీకు," అంది.

ఆ రోజే ఉస్తాద్‌ను పిలిపించింది. మూత మళ్ళీ విప్పించి, తన ఎదురుగా రెండు చక్రాల మీదా ఉలితో లోతుగా గీత కొట్టించింది. అతను గొణిగాడు. ఆమె కదలలేదు. గీత మీద వేలు పెట్టి తడిమి చూసుకుని లోపలికి పోయింది. తరువాతి దసరాకు బొట్టు పెట్టిందా అంటే పెట్టింది. మూత మీద పెట్టింది. లోపల ఏముందో తెలిసి పెట్టింది. దాని గురించి ఆమెతో నేను మళ్ళీ వాదించలేదు. మిగతా అన్నిటి గురించీ వాదించాను.

ఇప్పుడు ఇంజన్లు మారాయి. కొన్ని చిన్న కార్లలో గొలుసు బదులు పళ్ళున్న రబ్బరు బెల్టు వస్తోంది. మా పాత గొలుసు చచ్చే ముందు దగ్గేది, బెల్టు దగ్గదు. చప్పుడు లేకుండా ఎండి, పగిలి, ఒక రోజు తెగిపోతుంది. వాల్వులు తల మీద ఉన్న రకాలైతే ఇంజనునూ తీసుకుపోవచ్చు. దానికి మార్చవలసిన గడువు ఉంటుంది, ఆ గడువు పంచాంగంలో ఉండదు.

కాబట్టి చదివి తలూపి పక్కన పెట్టకండి. లేచి మీ బండి దగ్గరికి పొండి. అది ఏ రకం ఇంజనో, లోపల గొలుసో బెల్టో పళ్ళచక్రాలో కనుక్కోండి. మెకానిక్ పట్టా కడితే విప్పించండి. "మీకెందుకు" అంటే, అక్కడే నిలబడి మళ్ళీ అడగండి. గుర్తులు అరిగి ఉంటే ఇనుములోకి దిగేలా కొట్టించండి. ఆ తరువాత మీ ఇంట్లో ఆ బండిని కడిగే చేయి ఎవరిదో వాళ్ళను పిలిచి, కూర్చోబెట్టి, నేల మీద గీసి చూపించండి. ముందుగానే చూపించండి. ఈ రోజే.